గారె ముక్క అనుకున్నాం... పార్వో అని తేలింది!

ఇంట్లో చిన్న కుక్కపిల్ల తిరుగుతుంటే ఆ సందడే వేరు కదండీ! పొద్దున్నే ముగ్గు వేస్తుంటే చీపురు లాక్కుపోతుంది. పూజకి కూర్చుంటే కుచ్చిళ్లు పట్టుకు పీకుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చేవేళకి గేటు దగ్గర కాపలా కాస్తుంది. "నాకెందుకమ్మా ఈ చాకిరీ" అంటూనే మనం దానికి గిన్నె, పడక, పేరు అన్నీ అమర్చేస్తాం. అలాంటి పిల్ల ఉన్నట్టుండి ముద్ద ముట్టకుండా మూలన ముడుచుకుని పడుకుంటే ఏం చేయాలో మీకు తెలుసా? నాకు తెలియలేదు. తెలియక చేసిన పొరపాట్లు, తరువాత నేర్చుకున్న జాగ్రత్తలు రెండూ మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మాది రాజమండ్రి. 2022 డిసెంబరు మొదటి వారంలో మా అమ్మాయి పోరు పడలేక ఒక తెల్ల పామరేనియన్ పిల్లని తెచ్చాం. 'పండు' అని పేరు పెట్టుకున్నాం. ఇచ్చినవాళ్లు ఒక కార్డు చేతిలో పెట్టి, "ఇంజెక్షను అయిపోయిందండీ, ఇంక భయం లేదు" అన్నారు. నిజానికి ఆ కార్డులో ఒక్క సూదికే స్టిక్కరు ఉంది. దాని కింద గడిలో 'మళ్లీ వేయవలసిన తేదీ: డిసెంబరు 23' అని రాసి ఉంది. చూశాను. చూసి కూడా, సంక్రాంతికి ఆడపడుచులు వస్తున్నారు, అరిసెల పిండి దంచాలి, ఇల్లు దులపాలి, పండగ వెళ్లాక తీరుబడిగా వేయిద్దాంలే అనుకుని కార్డుని బీరువాలో పెట్టేశాను. నా మొదటి తప్పు అదే.

కనుమ నాడు కాకి కూడా కదలదు!

2023 జనవరి 16, కనుమ. ఇంటినిండా చుట్టాలు. పొద్దున పండు గిన్నె దగ్గరికి రాలేదు. మంచం కింద దూరి పడుకున్నాడు. మధ్యాహ్నం తెల్లని నురగ కక్కాడు. సాయంత్రానికి పసుపు పచ్చటి పసరు. ముందురోజు పిల్లలు గారె ముక్కలు పెట్టడం చూశాను కాబట్టి, "మినప్పిండి అరగలేదు, అదే సర్దుకుంటుంది" అని నేనే తేల్చేశాను. వాము మరిగించిన నీళ్లు గరిటెతో నోట్లో పోశాను. రాత్రి పెరుగన్నం కలిపి పెట్టాను. రెండూ క్షణాల్లో బయటికి వచ్చేశాయి. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని మా వారు అడిగితే, "కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇవాళ ఎవరు తెరుస్తారు, రేపు చూద్దాం" అన్నాను. పశువులకి పూజ చేసుకునే పండగ నాడు మా ఇంటి మూగజీవిని అలా వదిలేశానన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రాత్రి రెండు గంటలకి విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి అందులో నెత్తురు. ఆ వాసన మామూలు వాసన కాదండీ, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. మొదటి నుంచీ ఇంట్లో కుక్క వద్దన్నది మా అత్తయ్యగారు. ఆవిడే వచ్చి చూసి, "అమ్మాయ్, ఇది అజీర్ణం కాదు. చుట్టాల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు లే" అన్నారు. పాత చీరలో చుట్టుకుని స్కూటరు మీద పరుగెత్తాం.

డాక్టరు గారు పండు మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదిలారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకయితే వెంటనే వెనక్కి పోవాలట. పండు చర్మం గుడారంలా అలాగే నిలబడిపోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందనడానికి అది గుర్తు. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి, జిగటగా ఉన్నాయి. జ్వరం 104 డిగ్రీలు. కుక్కలకి 101 నుంచి 102.5 వరకు మామూలే. మలం కొంచెం పుల్లతో తీసి ఒక పట్టీ మీద వేశారు. గర్భం వచ్చిందో లేదో చూసుకునే పట్టీ లాంటిదే అది. పది నిమిషాల్లో రెండు గీతలు పడ్డాయి. "పార్వో అమ్మా" అన్నారు.

అసలు ఏమిటీ పార్వో?

ఇది ఒక వైరస్ జబ్బు. లాటిన్ భాషలో 'పార్వస్' అంటే చిన్నది అని అర్థం. పేరుకి చిన్నదే కానీ చేసే చేటు చిన్నది కాదు. కుక్కల్లో ఈ వైరస్‌ని మొదటిసారి గుర్తించింది 1978లో. ఒకటి రెండేళ్లలోనే ప్రపంచమంతా పాకిపోయింది. ఎక్కువగా ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకి వస్తుంది. టీకాలు పూర్తి కాని పెద్ద కుక్కలకి కూడా రావచ్చు.

జబ్బు పడ్డ కుక్క మలం ద్వారా ఇది వ్యాపిస్తుంది. ఆ మలం తొక్కిన చెప్పులు, బట్టలు, గిన్నెలు, చేతులు ఏవైనా సరే దాన్ని మోసుకొస్తాయి. అంటే పిల్ల గడప దాటకపోయినా మన చెప్పులతో మనమే ఇంట్లోకి తీసుకురావచ్చన్నమాట. ఒంట్లో చేరిన తరువాత మూడు నుంచి ఏడు రోజుల్లో సాధారణంగా జబ్బు బయటపడుతుంది. కొన్నింటికి రెండు వారాలు కూడా పట్టవచ్చు.

ఒంట్లో త్వరత్వరగా పెరిగే కణాలంటే ఈ వైరస్‌కి ఇష్టం. పేగు లోపలి పొర అలాంటిదే. అది ఊడిపోతే తిన్నది ఒంటబట్టదు, నీరు నిలవదు, నెత్తురు పడుతుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఆ చిల్లుల్లోంచి నెత్తురులోకి చేరిపోతాయి. వాటితో పోరాడవలసిన తెల్లకణాలు తయారయ్యేది ఎముకల మూలుగలో. ఈ వైరస్ అక్కడ కూడా దెబ్బ కొడుతుంది. దొంగ గోడకి కన్నం వేయడమే కాక కాపలావాణ్ణి కూడా కట్టేసినట్టు! అందుకే వైద్యం లేకపోతే పది పిల్లల్లో ఒకటి బతకడం కూడా కష్టం. సకాలంలో వైద్యం అందితే ఎక్కువ పిల్లలు బతికి బట్టకడతాయి.

మనుషులకి ఈ జబ్బు రాదు. ఇంట్లో పసిపిల్లలున్నారని భయపడి కుక్కపిల్లని బయట పారేయనక్కరలేదు. కానీ నెత్తురు విరేచనాలన్నీ పార్వోయే అనుకోకూడదు. నులిపురుగులు ఎక్కువైనా, ఏదైనా మింగరానిది మింగినా, ఇతర జబ్బుల్లోనూ ఇలా అవుతుంది. అందుకే పరీక్ష చేయించాలి, మనం ఊహించుకోకూడదు.

ఆ అయిదు రోజులు

పార్వో వైరస్‌ని సూటిగా చంపే మాత్ర ఇక్కడ మనకు దుకాణంలో దొరికేది కాదు. పిల్ల ఒంట్లో తనంతట తాను పోరాడే శక్తి వచ్చేదాకా ప్రాణాన్ని నిలబెట్టడమే వైద్యం. ముందు కాలికి సన్నని గొట్టం గుచ్చి కట్టు కట్టి, పొద్దున, సాయంత్రం రెండేసి గంటల చొప్పున సెలైను ఎక్కించారు. వాంతులు ఆగడానికి ఒక సూది, నెత్తురులో చేరే సూక్ష్మజీవుల కోసం ఒక సూది. చిన్నపిల్లలకి చక్కెర చప్పున పడిపోతుందట, అది కూడా చూస్తుండేవారు. తూకం వేస్తే మూడు కిలోల పిల్ల మూడో రోజుకి రెండు కిలోల నాలుగు వందల గ్రాములకి వచ్చేశాడు.

సూదులూ సెలైనూ డాక్టరు గారివి. మిగతా ఇరవై గంటల చాకిరీ మనది. ఇంట్లో నేను చేసినవి ఇవీ:

వేరే గది: వెనక వరండాలో ఒక మూల ఖాళీ చేసి అట్టపెట్టెలో పడక వేశాను. అడుగున వార్తాపత్రికలు, పైన పాత నేత చీర ముక్కలు. పాడైనవి కడగకుండా సంచిలో మూటకట్టి పారేయడానికి వీలుగా ఉంటుంది.

వెచ్చదనం: జనవరి చలి. సీసాలో వేడినీళ్లు పోసి, మందపాటి తువ్వాలు చుట్టి ఒక పక్కన పెట్టేదాన్ని. రెండో పక్క ఖాళీగా ఉంచాలి. వేడి ఎక్కువైతే పిల్ల తప్పుకోవడానికి చోటుండాలి కదా!

శుభ్రం: విరేచనం అయిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచి, ఆరాక కాస్త వాజిలిన్ రాసేదాన్ని. లేకపోతే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. మొత్తంగా స్నానం చేయించకూడదు. చల్లబడిపోతాయి.

పాల లెక్కల పుస్తకం: దాని వెనక పేజీల్లో గీతలు గీసి వాంతి, విరేచనం, మూత్రం ఏది ఎన్నింటికి అయిందో రాసిపెట్టాను. డాక్టరు గారు దాన్ని చూసి చాలా సంతోషించారు. మూత్రం సరిగ్గా వస్తోందంటే సెలైను సరిపోతున్నట్టు. మనం నోటితో చెబితే "చాలాసార్లు అయిందండీ" అంటాం. రాస్తే లెక్క ఉంటుంది.

మూడో రాత్రి, అంటే 19న, సూది మందులకి కూడా లొంగకుండా అయిదుసార్లు నెత్తురు పడింది. అంతకు ముందు కాలిపోయిన ఒళ్లు చల్లబడిపోయింది. థర్మామీటరు 98 చూపించింది. జ్వరం తగ్గిందని మా అమ్మాయి సంబరపడింది. నేనూ అలాగే అనుకుందును, కానీ డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు, "99 కంటే దిగితే అది తగ్గడం కాదు, జారిపోవడం. ఏ వేళయినా ఫోను చేయండి" అని. అర్ధరాత్రి ఫోను చేశాం. ఆయన ఆసుపత్రి తలుపు తీసి, వెచ్చబెట్టిన సెలైను ఎక్కించారు. మర్నాటి నెత్తురు పరీక్షలో తెల్లకణాలు రెండు వేల లోపే ఉన్నాయి. ఆరు వేలకి తగ్గకూడదట. "ఇవాళ, రేపు గడిస్తే ఆశ పెట్టుకోవచ్చు" అన్నారు. మా వారు బయటికి వచ్చి, "పిల్లని ఎందుకు బాధపెట్టడం, వదిలేద్దామా" అని మెల్లగా అడిగారు. నాకు జవాబు రాలేదు. బీరువాలో ఉన్న కార్డు కళ్ల ముందు కనబడింది. "ఈ రెండు రోజులూ చూద్దాం" అన్నాను.

21 సాయంత్రం గిన్నె కడుగుతున్నాను. వెనక చిన్న చప్పుడయింది. తిరిగి చూస్తే పండు పెట్టెలోంచి తల ఎత్తి తోక ఒక్కసారి అట్టకి కొట్టాడు. అంతే, మళ్లీ పడుకున్నాడు. ఆ రాత్రి వాంతి కాలేదు. మర్నాడు నాలుగు చెంచాల జావ నిలిచింది. మా అత్తయ్యగారు దేవుడి దగ్గర దీపం వెలిగించి, "కుక్క కోసం దీపం పెట్టానని ఎవరితోనూ అనకండే" అన్నారు!

కోలుకునే పిల్లకి పథ్యం

వెనకటి రోజుల్లో వాంతులు పూర్తిగా ఆగి ఒకరోజు గడిచేదాకా ఏమీ పెట్టకూడదనేవారు. ఇప్పుడు అలా కాదు. వాంతులు అదుపులోకి రాగానే డాక్టరు చెప్పిన కొలతలో కొంచెం కొంచెంగా పెడితే పేగులు త్వరగా మానతాయంటున్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

కావలసినవి: బియ్యం గుప్పెడు, ఎముక, చర్మం, కొవ్వు తీసిన కోడిమాంసం సుమారు 50 గ్రాములు, నీళ్లు నాలుగు గ్లాసులు.

చేసే విధానం: బియ్యం, మాంసం కలిపి నీళ్లలో మెత్తగా ఉడికించండి. మాంసం తీసి సన్నగా చిదిమి, జావలో కలిపి మెత్తగా మెదపండి. ఉప్పు, పసుపు, నూనె, మసాలా ఏవీ వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల నెత్తురుకి విషం. గోరువెచ్చగా మొదట ఒక చెంచా పెట్టి, గంట ఆగి, నిలిస్తే రెండో చెంచా. అలా రోజుకి ఆరేడుసార్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ రావాలి. ఆకలి వచ్చింది కదాని ఒకేసారి గిన్నెడు పెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో మాంసం వండనివాళ్లు డాక్టరు దగ్గర దొరికే జబ్బుపిల్లల ఆహారం అడిగి తీసుకోవచ్చు.

ఇవి మాత్రం చేయకండి

• మనం వాడే విరేచనాల మాత్రలు, నొప్పి మాత్రలు వేయకండి. చాలావాటిని కుక్కలు తట్టుకోలేవు.
• పాలు పట్టకండి. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.
• వాంతులవుతున్న పిల్లకి గరిటెతో నీళ్లు, కషాయాలు బలవంతంగా పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. నేను వాము నీళ్లు పోశానని చెప్పినప్పుడు డాక్టరు గారు ముందు పండు ఛాతీయే విన్నారు.
• 'రేపు చూద్దాం' అనుకోకండి. పిల్ల రెండు పూటలు వరసగా తినకుండా, కక్కుతూ ఉంటే ఆ రోజే చూపించండి.

మెట్ల కింద పిల్లలు

ఇక నేను చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. మా వాటా మెట్ల కింద ఒక వీధికుక్క మూడు పిల్లల్ని పెట్టింది. రోజూ అన్నం పెట్టేది మేమే. పండుకి జబ్బు చేసిన మొదటి రాత్రి, పాడైన గుడ్డలు ఆ మెట్ల పక్కనున్న కుళాయి దగ్గరే ఉతికి, నీళ్లు మట్టిలో పారబోశాను. ఫినాయిల్ చల్లాను కదా, ఇంకేం ఫరవాలేదనుకున్నాను. పండు తేరుకుంటున్న వారంలోనే ఆ మూడింటికీ వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు గారు వచ్చి సెలైను పెట్టినా రెండు పిల్లలు దక్కలేదు. వాటికి జబ్బు నా నీళ్ల వల్లే వచ్చిందో, వీధిలో అంతకుముందే ఉందో ఎవరూ చెప్పలేరు. కానీ తల్లికుక్క రెండు రోజులు ఆ మెట్ల కింద వెతుక్కుంటుంటే నేను అటు వైపు చూడలేకపోయాను. మీరు అలా చేయకూడదనే ఇది దాచకుండా చెబుతున్నాను.

ఇంటిని ఇలా శుభ్రం చేయండి

పార్వో మొండి వైరస్. నేలలో, గచ్చు పగుళ్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన కూడా బతికి ఉంటుంది. ఫినాయిల్‌కి, మామూలు సబ్బుకి, చేతులకి రాసుకునే శానిటైజరుకి చావదు. బట్టలు తెల్లబరచడానికి వాడే బ్లీచ్ ద్రవానికి లొంగుతుంది.

ముందు మలినం అంతా కాగితంతో తీసి మూటకట్టండి. సబ్బునీళ్లతో కడగండి. మురికి మీద బ్లీచ్ పోస్తే పని చేయదు. తరువాత ఒక గ్లాసు బ్లీచ్‌కి ముప్ఫై గ్లాసుల నీళ్లు కలిపి, నేల మీద పరిచి పది నిమిషాలు తడిగా ఉంచండి. ఆ తరువాత మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. గిన్నెలు, గొలుసు కూడా ఇలాగే. కిటికీలు తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని చేయండి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ, మరుగుదొడ్డి కడిగే ద్రవాలు గానీ, ఫినాయిల్ గానీ కలపకండి. విషవాయువు పుట్టి మనకే ప్రమాదం. పిల్లని చూసుకునేటప్పుడు వేసుకునే చెప్పులు, నైటీ వేరుగా పెట్టుకోండి. చేతులు మాత్రం సబ్బుతో బాగా రుద్ది కడుక్కోండి. సబ్బు వైరస్‌ని చంపకపోయినా నీళ్లతో కొట్టుకుపోయేలా చేస్తుంది.

కోలుకున్న పిల్ల మలంలో కొన్ని వారాల వరకు వైరస్ ఉండవచ్చు. అందుకని నెల రోజుల పాటు పండుని వీధిలోకి తిప్పలేదు. అలాగే పార్వో వచ్చిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని కొత్త పిల్లని వెంటనే తేకూడదు.

ఒక్క సూదితో ఎందుకు చాలదు?

ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. తల్లి జున్నుపాలతో పిల్లకి కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా మందుని కూడా పని చేయనివ్వదు. అది కొన్ని పిల్లల్లో ఆరు వారాలకే తగ్గిపోతుంది, కొన్నింటిలో నాలుగు నెలల దాకా ఉంటుంది. ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో తెలియదు కాబట్టే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఆ తరువాత ఏడాదికి ఒకటి. 'సెవెన్ ఇన్ వన్', 'నైన్ ఇన్ వన్' అని డాక్టర్లు వేసేవాటిలో పార్వో మందు కలిసే ఉంటుంది. పిచ్చికుక్క జబ్బు టీకా మాత్రం దాని వేళకి అది వేయించాలి. నులిపురుగుల మందు కూడా మరవకండి. వరస పూర్తయ్యేదాకా పిల్లని వీధిలోనూ, పార్కుల్లోనూ నేల మీద వదలకండి.

నేను వాయిదా వేసిన ఆ ఒక్క సూదికి ఎనిమిది వందలయ్యేది. పండు వైద్యానికి పదకొండు వేలయింది. డబ్బు మాట అటుంచండి, మెట్ల కింద పోయిన రెండు పిల్లల్ని ఏ లెక్కలో రాయను?

ఆ మూడో పిల్ల బతికింది. దానికీ కార్డు రాయించి, పక్కింటి మామ్మగారికి ఇచ్చాం. ఇప్పుడు పండు, అదీ గోడకి అటూ ఇటూ నిలబడి మొరుగుతూ మా వీధికంతా కాపలా. రెండింటి కార్డులూ బీరువాలో లేవు. వంటింట్లో క్యాలెండరు మేకుకి, గ్యాసు పుస్తకం పక్కన వేలాడుతున్నాయి. పోపు వేసినప్పుడల్లా తేదీ కంటబడుతుంది.

మీ ఇంట్లోనూ పిల్ల ఉంటే, ఈ పుస్తకం పక్కన పెట్టి ముందు దాని కార్డు తీసి చూడండి. తేదీ దాటిపోయి ఉంటే ఇవాళే తీసుకెళ్లండి. పండగ పనులు ఎప్పుడూ ఉండేవే!